ఉమ్మడి గోడ

నేను కడుపులో పడ్డ మూడో నెలలోనే
మా అమ్మ నన్ను దేవుడికి రాసిచ్చేసింది.
నర్సాపురంలో, అరుగు మీద లేసు అల్లుతూ అల్లుతూ,
"ఆడపిల్లైనా సరే ప్రభువా, నీ సేవకే" అని.
నన్నడగలేదు. అడిగే వీలూ లేదనుకోండి.

ఇప్పుడు నాకు నలభై ఒకటి.
సండర్లాండ్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
మందుల షాపు వెనకగదిలో
ముసలివాళ్ళ మాత్రలు లెక్కపెట్టి డబ్బాల్లో సర్దుతాను:
సోమవారం పొద్దున, సోమవారం రాత్రి.
ఆదివారం మూడింటికి, ఇంగ్లీషు ఆరాధన అయిపోయాక,
వాళ్ళ టీ కప్పులు కడిగిపెట్టి
పాటలెత్తుకునే తొమ్మిది కుటుంబాల సంఘం మాది.

జనవరిలో నీతిరాజు అయ్యగారు అన్నారు:
"కెజియమ్మా, బైబిలు కాలేజీలో సీటుందట.
మీ అమ్మగారి మొక్కుబడి గుర్తుందిగా?
ప్రార్థన చేసుకో. పిలుపైతే దేవుడే చెప్తాడు."

చేశాను.
ఫారం సొరుగులో పెట్టి, సొరుగు మీద చెయ్యి పెట్టి చేశాను.
బస్సులో చేశాను.
మాత్రలు లెక్కపెడుతూ చేసి ఓసారి లెక్క తప్పాను.
ఎర్ర కారు ముందొస్తే వెళ్తానని, తెల్లదొస్తే మానేస్తానని
బేరాలు కూడా పెట్టాను.
వరసగా బూడిదరంగు వ్యాన్లొచ్చాయి.
మా ఆయన జెఫన్యా అన్నాడు:
"దేవుడికి మన అడ్రసు తెలీదనా,
రోజూ అంత గట్టిగా చెప్తున్నావు?"

నవంబరులో ఉపవాసం పట్టాను.
రెండో రాత్రి, పదిన్నర దాటాక,
కిటికీ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాను.
బయట వాన, వాన వెనక సముద్రం గొడవ.
అడగాల్సినవన్నీ అడగడం అయిపోయి
ఊరికే ఉండటానికి కాస్త దగ్గరగా వచ్చాను.

అప్పుడు గోడ మీద చప్పుడు.
టక్. టక్.
పక్కింటి ఆల్డర్సన్. ఎనభై ఆరేళ్ళు.
ఓడల షెడ్డులో సుత్తి మోతకి ఒక చెవి పోయినవాడు.
నాకు కోపమొచ్చింది, దాచను.
"ప్రభువా, ఆ ముసలాయన్ని తొందరగా నిద్రపుచ్చు" అని
ప్రార్థనలోనే కలిపేశాను.
టక్. టక్.
మళ్ళీ.

చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళాను.
తలుపు తీసే ఉంది.
వంటగది మధ్యలో నిలబడ్డాడు, చేతిలో పీచ్ పళ్ళ డబ్బా.
మూత మీది రింగు కిందికి దూరని వేళ్ళు,
అల్లం కొమ్ముల్లా కణుపులు కట్టినవి.
"రాత్రి భోజనం ఇదే పిల్లా. నా మాట వినట్లేదు" అన్నాడు.
తీసిచ్చాను. మూత అంచు నా బొటనవేలు కోసింది.
ఆయన రెండు గిన్నెలు పెట్టాడు.
ఉపవాసమని చెప్పాను.
చెవిటి చెవి నా వైపుంది.

తిన్నాను. సగం పండు, రెండు చెంచాల పాకం.
ఖాళీ కడుపులోకి ఆ తీపి దిగుతుంటే
కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
ఆకలి. భక్తని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంటికొచ్చి మోకరిస్తే
ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.

కరెంటు పోయినా అమ్మ అల్లిక ఆపేది కాదు.
"మొత్తం డిజైను ఎవరికి కనబడుతుందే,
తర్వాతి ముడి వేలికి తగిలితే చాలు" అనేది.
లేసు గురించే అన్నది. నేను ఎక్కువ లాగను.

ఆదివారం కప్పులు కడుగుతుంటే
అయ్యగారొచ్చి అడిగారు: "జవాబొచ్చిందా అమ్మా?"
"ఇంకా లేదండీ" అన్నాను.
సబ్బునీళ్ళకి బొటనవేలు చుర్రుమంది.

ఫారం సొరుగులోనే ఉంది. గడువు మార్చి దాకా.
ప్రార్థనా మానలేదు.
కిటికీ దగ్గరి చాప మాత్రం తీసి
ఉమ్మడి గోడ పక్కన వేసుకున్నాను.
జెఫన్యా చూశాడు, ఎందుకని అడగలేదు.
మోకరిస్తే అటువైపు రేడియో వినిపిస్తుంది.
ఫుట్‌బాల్.
మనవాళ్ళు ఓడిపోతున్నారు.